మిషన్ దొడ్డిలో పోతులయ్య

“పోతులయ్య అనే పేరు ఇందులో లేదమ్మా. మూడుసార్లు చూసినా,” అంటూ గుమాస్తా బసవరాజు కాగితాలు పక్కకు నెట్టాడు.

అరుణ బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడింది. రొద్దం నుంచి మొదటి బస్సుకే వచ్చింది. ఒక పక్క ఆరేళ్ల కూతురు తనూజ, ఇంకో పక్క అవ్వ యల్లక్క. పోతులయ్య ఆ అవ్వకు నాయన.

నూరేళ్ల కింద పరదేశం పాదిరీలు పెనుకొండ దగ్గర ఈ మిట్ట మీద వందల గొర్రెలతో, ఎద్దులతో నడిపిన మిషన్ దొడ్డి ఇప్పుడు హాస్టలున్న బడి. అప్పట్లో దొడ్డిలో పనిచేసిన వాళ్ల వంశపు పిల్లలకు ఫీజు లేకుండా పది సీట్లు ఇస్తామన్నారు. రుజువు చూపాలి. ఈరోజే ఆఖరు. సీటు రాకపోతే సోమవారం పాపను కూడా వెంటబెట్టుకుని మొగుడూ పెళ్లాలు బెంగళూరు బిల్డింగు పనికి పోవాల్సిందే. పోయినేడంతా ఆ పిల్ల ఇసుక కుప్పల మీదే పెరిగింది.

“ఏమప్పా, మా నాయన ఈడ మేపి మేపి నడుం పోగొట్టుకున్నాడు. పేరు లేదంటే ఎట్ల?” అంది యల్లక్క.

“నేనేమన్నా కొట్టేసినానా అవ్వా? ఉండేదే చదువుతాండా.”

ఈ జాబితా తర్వాతెప్పుడో టైపు కొట్టిందని, పాత పుస్తకాలు అద్దాల బీరువాలో ఉన్నాయని, అందులో దొరికినా చాలని ఆయనే చెప్పాడు. అంతా ఇంగ్లీషు గొలుసు రాత, నీకు చదవనొస్తాదా అనీ అడిగాడు.

రాదు. ఆరో తరగతితోనే అరుణ బడి మానేసింది. కాసేపు ఆలోచించి, నీ నాయన సంతకం ఎట్ల పెట్టేవాడని అవ్వను అడిగింది.

గొర్రెలోళ్ల ఇళ్లల్లో ఒక్కో ఇంటికి ఒక్కో చెవి కోత. ఇంకొకరి మందలో కలిసిపోయినా గొర్రెను దాన్ని బట్టే పట్టుకుంటారు. అక్షరం రాని పోతులయ్య యాడ సంతకం అడిగినా ఆ చెవి బొమ్మే గీసేవాడంట. ఎడమ చెవి, అంచున రెండు గాట్లు.

అరుణ నేల మీద కూర్చుని ఒక్కో పేజీ తిప్పింది. అంచులు వేళ్లు తగిలితేనే పొడిపొడిగా రాలుతున్నాయి. నాలుగో పుస్తకం సగానికి వచ్చేసరికి ఆమె వేలు ఆగింది. తమలపాకు ఆకారంలో చెవి. రెండు గాట్లు.

“సార్, ఈడ ఉండాడు.”

బసవరాజు అద్దాలు పెట్టుకుని ఆ వరుస మెల్లగా చదివాడు. పోతులయ్య. వయసు ఇరవై. కరువొచ్చిన ఏట నలభై గొర్రెలతో వచ్చినాడు. పండ్లు అన్నీ ఉన్నాయి. కాళ్లు గట్టివి. జబ్బు లేదు.

“మా నాయన అట్లాంటోడే,” అంది యల్లక్క, మొఖమంతా నవ్వుతో. “చెరుకు గడ పండ్లతోనే చీల్చేటోడు.”

అరుణ ఫారం ఎవరినీ రాయనివ్వలేదు. పాప పేరు తనే రాసింది, ఒక్కో అక్షరం చూసుకుంటూ. సంతకం పెట్టింది. హాస్టలుకు దుప్పటి మేమే తెచ్చుకోవాల్నా అని అడిగింది. తనూజ జడ విప్పి, మళ్లీ గట్టిగా అల్లింది.

ఫారంలో ఒక గడి మిగిలింది. ఏ పుస్తకం, ఎన్నో పేజీ. బసవరాజు పేజీ నంబరు వేసి, పుస్తకం పేరు కోసం దాన్ని మూసి అట్ట మీది బూజు తుడిచాడు. చదివాడు. పెన్నుకు మూత పెట్టేశాడు.

“ఏమైంది సార్?”

ఆయన యల్లక్క వైపు చూడలేకపోయాడు.

“సీటు పనిచేసినోళ్ల వంశానికమ్మా. ఇది దొడ్డిలో ఉండే గొడ్లను రాసుకున్న పుస్తకం.”