ఎర్రమచ్చ చేప

“లేపప్పా దాన్ని! కెంపమ్మ డెయిరీలో పాలు పోసి వచ్చేస్తాది!”

భార్య వచ్చే వీధి తలుపు వైపు చూస్తూ తొందరపెట్టాడు నంజప్ప. మునిశేఖర్ చేపను రెండు చేతులా పట్టుకుని మంచినీళ్ళ టబ్బులో ముందుకూ వెనక్కూ ఆడిస్తూనే ఉన్నాడు. మూరెడు పొడవున్న కోయి రంగుచేప. తెల్లటి ఒళ్ళు, నెత్తిన కుంకుమబొట్టంత ఎర్రమచ్చ, డొక్కలో రూపాయి బిళ్ళంత పుండు. పుండులోని కుళ్ళంతా తీసి అయొడిన్ అద్దాడు, మలాం పూశాడు. వైద్యం బ్రహ్మాండంగా కుదిరింది. చేపే లేవడం లేదు.

పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో ముప్పై ఏళ్ళుగా పశువుల కాంపౌండరు మునిశేఖర్. చేపకు వైద్యం చెయ్యడం మాత్రం ఇదే మొదలు. మదనపల్లెలో రంగుచేపలమ్మే అంగడాయన ఫోనులో చెప్పినట్టే, మత్తు కోసం నీళ్ళలో లవంగనూనె చుక్కలు వేశాడు. పుండు తుడుస్తుంటే చేప తోక విదిలించింది. ఎద్దు కదిలితే ఇంకాస్త మత్తు ఎక్కించడం ఆ చేతికి అలవాటు. అలవాటు కొద్దీ సీసా ఇంకోసారి వంచాడు.

“పోయిందన్నా,” అన్నాడు చివరికి. “తప్పు నాదే.”

నంజప్ప కొలను గట్టున కూలబడ్డాడు. “అది చేప గాదప్పా. మా కీర్తి.”

ఆ మాట ఊరందరికీ తెలుసు. రెండేళ్ళ కిందట వాళ్ళ కూతురు కీర్తి పోయినప్పుడు పదకొండో రోజు పెట్టిన కూడు కాకి ముట్టలేదు. పొద్దు వాలేదాకా చూసి, ఆ ముద్దను పెరట్లో ఆ పిల్ల ముచ్చటపడి కట్టించుకున్న ఈ కొలనులోనే వదిలారు. ఎర్రమచ్చ చేప వచ్చి తినేసింది. ఆ రోజు నుంచీ చేపకు పెట్టకుండా కెంపమ్మ తాను ముద్ద నోట పెట్టలేదు.

“ఇది ల్యాకపోతే ఆయమ్మ కూడు మానేస్తాది,” అన్నాడు నంజప్ప. “ఒక బిడ్డను పోగొట్టుకుంటిని. ఈమెను గూడా పోగొట్టుకోని నేనొకణ్ణీ ఈ ఇంట్లో ఏం జెయ్యాల?”

నంజప్ప లేచి పశువుల కొట్టంలోకి నడిచాడు. మూలనున్న నీలంరంగు డ్రమ్ము మీది గోనెసంచి లాగాడు. వెనకే వెళ్ళిన మునిశేఖర్ తొంగి చూసి అదిరిపడ్డాడు. తెల్లటి ఒళ్ళు, నెత్తిన ఎర్రమచ్చ. అదే చేప లోపల ఈదుతోంది.

“పుండు సూసిన్నాడే బెంగుళూరి నుంచి తెప్పించి దాసిపెట్టినా.”

“దీనికి పుండు లేదే అన్నా.”

“నువ్వు పెట్టు.”

మునిశేఖర్ రెండడుగులు వెనక్కి వేశాడు. “పాపమన్నా! గాయాలు మాన్పే చెయ్యి ఇది.”

“ఒక పాణం తీసింది గూడా ఆ చెయ్యే గదప్పా,” అన్నాడు నంజప్ప.

మునిశేఖర్ లవంగనూనె సీసా అందుకున్నాడు. ఈసారి చుక్కలు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి వేశాడు. కొత్త చేప మెల్లగా పక్కకు ఒరిగింది. సరిగ్గా అదే చోట నాలుగు పొలుసులు పీకి, బ్లేడుతో పైచర్మం గీశాడు. నెత్తురు చిమ్మింది. చేపకు రెప్పలుండవు. పక్కన బక్కెట్టులోకి మార్చిన చచ్చిన చేపా, చేతిలోని బతికిన చేపా ఒకే తీరున తననే చూస్తున్నాయి. గబగబా మలాం పూశాడు.

చేపను కొలనులో వదలడమూ, బక్కెట్టు మీద గోనెసంచి కప్పడమూ, వీధి తలుపు చప్పుడవడమూ ఒక్కసారే జరిగాయి.

“అయిపాయనా అప్పా?” ఖాళీ పాలక్యాను కింద పెడుతూ అడిగింది కెంపమ్మ. “మందు పూస్తాంటే ఏడ్సిందా?”

“లేదక్కా,” అన్నాడు మునిశేఖర్ నేల చూస్తూ.

ఆమె లోపలికెళ్ళి సంగటి ముద్ద తెచ్చింది. గట్టున కూర్చుని చెయ్యి నీళ్ళలో పెట్టింది. “కీర్తమ్మా, రా తల్లీ.”

చేప రాలేదు. అవతలి మూలకు పోయి గోడవైపు తిరిగి నిలబడింది.

“నొప్పికి అలిగుండాదిలే,” అన్నాడు నంజప్ప ఎలాగో.

కెంపమ్మ చెయ్యి తియ్యలేదు. పిలుస్తూనే ఉంది. చచ్చిన పిల్ల పేరు ఆ పెరట్లో అన్నిసార్లు వినబడుతుంటే మునిశేఖర్‌కు పారిపోవాలనిపించింది. చాలాసేపటికి చేప కదిలింది. వంకరగా ఈదుతూ వచ్చి, ఆమె వేళ్ళ మధ్య నుంచి ఒక మెతుకు అందుకుంది. కెంపమ్మ మిగిలిన ముద్దలో కాస్త తుంచి తన నోట్లో వేసుకుంది.

నంజప్ప కళ్ళు తుడుచుకున్నాడు. “కాపీ పెట్టకొస్తా,” అని గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

ఆయన అటు పోగానే కెంపమ్మ తల తిప్పకుండానే అంది. “దీన్నన్నా బాగా మాన్పప్పా. ఇది మూడోది.”

మునిశేఖర్ చప్పున తలెత్తాడు. “అక్కా...”

“అసలుది పోయినేడు ఎండలకే సచ్చిపాయ. నేను మా పుట్టింటికి పోయొచ్చేలోపల మీ అన్న ఇంగొకటి తెచ్చి ఏసినాడు. నాలుగు దినాలు నాకు మొగం సూపించలేకపోయినాడు.”

“తెలిసి గూడా యాల ఊరకుండావక్కా? దినామూ దాన్ని కీర్తీ అని పిలస్తా, కూడు పెడతా...”

వంటింట్లో గిన్నెల చప్పుడవుతోంది. కెంపమ్మ అటువైపు చూసి గొంతు తగ్గించింది.

“దూడ సచ్చిపోతే తోల్లో గడ్డి కూరి ఆవు ముందర నిలబెడతాం గదప్పా. ఆవుకు తెలీక గాదు పాలిచ్చేది. చెంబు పట్టుకోని కింద కూసున్నోని మొగం సూసి.”