పాలు ముట్టని చుట్టం

“పాలు తాగదా? పాలు తాగని మనిషిని నా జన్మల చూడలే!”

నర్సింగమ్మ గొంతు వంటింట్లోంచి వాకిట్లోకి వినబడింది. వినబడాలనే అరిచింది. వాకిట్లో మంచం మీద కూర్చున్న సమీరా మాత్రం ఏమీ విననట్టే మంచినీళ్లు తాగుతోంది.

“మెల్లగ అత్తమ్మా,” అంది కోడలు మమత. “అదేందో వీగన్ అట. పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, జీవాల నుంచి వచ్చేది ఏదీ ముట్టదట.”

“ముందుగాల చెప్పొద్దా?”

“నాకేమెర్క? హాస్టల్ల ఉన్నప్పుడు అన్నీ తినేది. గీ నడుమనే మొదలువెట్టిందట.”

నర్సింగమ్మకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి? దేవరకొండ పక్కన ఆ ఊళ్లో ఆమెకు రెండు బర్రెలున్నా ఇంట్లో పాలచుక్క మిగిలేది కాదు. పాలు కేంద్రానికి, గుడ్లు అంగడికి. అదీ ఆ ఇంటి కట్టుబాటు. మమతకు ఐదో నెల. రక్తం తక్కువగా ఉంది, పాలూ గుడ్లూ పెట్టమని దవాఖానలో నర్సు గట్టిగా చెప్పినా ఆ కట్టుబాటు సడలలేదు. “నేను నలుగురిని కన్న. ఒక్కనాడన్న పాలు తాగిన్నా? గంజి తాగే కన్న,” అని నర్సింగమ్మ ఒక్క మాటతో కొట్టిపారేసింది. హైదరాబాదులో పనిచేసే కొడుకు పరమేష్ ఫోన్‌లో అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

చుట్టం సంగతి వేరు. చుట్టం ముందు చెయ్యి ముడుచుకుంటే నర్సింగమ్మ పరువేం కావాలి? హాస్టల్ దోస్తు ఒక్క రాత్రికి వస్తోందని మమత చెప్పగానే కోడిని కోస్తానంది. ఊళ్లో హలాల్ చేసేవాళ్లు లేరు, కోసినా సమీరా తినదని మమతే ఆపింది. కోడి లేకపోతే పోనీ, పాడి లేదా అనుకుని కేంద్రానికి పోవలసిన పాలు ఆపి, సగం తోడేసి, సగం చిక్కగా కాచింది. గుడ్లు ఉడకబెట్టింది. తీరా పాలగ్లాసు ముందు పెడితే ఆ పిల్ల రెండు చేతులూ జోడించింది!

“ఇప్పుడు గీ పాలేం జెయ్యాలె? కాచిన పాలు కేంద్రంల తీసుకుంటరా?”

“తోడు వెడ్దామా అత్తమ్మా?”

“కుండెడు పెరుగుండంగ ఇంకా తోడా! నాకు చూస్తే పాలు కడుపుల పడయి. పారబోస్తే లచ్చిమిని పారబోసినట్టే. నువ్వే తాగు, కానియ్యి!”

మమత గ్లాసెత్తి గటగటా తాగింది.

రాత్రి సమీరా కోసం జొన్నరొట్టెలు చేశారు. పుంటికూర పప్పు, పచ్చిపులుసు, పల్లీల తొక్కు. గంజి తాగిన రోజుల తిండిని చుట్టానికి వడ్డించవలసి వచ్చినందుకు నర్సింగమ్మకు తల కొట్టేసినట్టయింది. ఉండబట్టలేక పప్పు మీదికి, పండక్కని దాచిన నెయ్యి ఒక గరిటె తెచ్చింది.

“జర ఏసుకో బిడ్డా. మా బర్రె నెయ్యే. కల్తీ లేదు.”

“కల్తీ అని కాదమ్మా. దూడ తాగే పాలు మనం గుంజుకునుడేంది అని.”

“గుంజుకుంటమా? దూడకు ఇడిచినంకనే పిండుతం! మేమేమన్న దొంగలమా? మా బర్రె నీకాడికొచ్చి మొర వెట్టుకున్నదా?”

సమీరా తల వంచుకుని ఇంకో రొట్టె అడిగింది. “రొట్టె మస్తుందమ్మా,” అంది. ఆ మెప్పు నర్సింగమ్మకు పుండు మీద కారంలా తగిలింది. వెన్న లాంటి పెరుగు పక్కన పెట్టుకుని పచ్చిపులుసు జుర్రుతోంది చూడు! ఎద్దుకేం ఎరుక అటుకుల రుచి!

“పొట్టు తీసిన గుడ్లు అంగట్ల ఎవడు కొంటడు? తిను!” అంటూ గుడ్లన్నీ కోడలి కంచంలో పడేసింది. పెరుగు కూడా అక్కడికే పోయింది. మమత ఒక్కటీ మిగల్చకుండా తింది.

తెల్లారేసరికి నర్సింగమ్మ కోపం పంతంగా మారింది. ఈద్ వస్తే సేమియా లేనిదే గడవని ఇంటి పిల్ల, దీన్నెట్లా కాదంటుందో చూద్దామనుకుంది. మళ్లీ పాలు ఆపింది. నెయ్యిలో సేమియా వేయించి పాయసం కాచింది. వాసన వాకిలి దాటింది. సమీరా గిన్నె వైపు చూసి ఒక్క గుటక వేసింది.

“మాఫ్ చెయ్యుండ్రి అమ్మా,” అని, రాత్రి మిగిలిన రొట్టెను ఉల్లికారంతో తింది.

“చేసిన పాయసం కుక్కలకెయ్యాల్నా?” నర్సింగమ్మ గిన్నె తెచ్చి మమత ముందు ఠక్కున పెట్టింది. “మొత్తం ఊడ్చు!”

పోయేటప్పుడు సమీరా మమతను గట్టిగా వాటేసుకుంది. “వచ్చే వారం మళ్ల వస్తనమ్మా,” అంది నర్సింగమ్మతో.

“రా బిడ్డా, రా. గీసారి ఎట్ల తాగవో నేనూ చూస్త!” అంది నర్సింగమ్మ పళ్లు కొరుకుతూ.

అదే కోపంతో మిగిలిన పాల క్యాను చంకనెత్తుకుని కేంద్రానికి నడిచింది. బస్‌స్టాప్ పక్కనే కేంద్రం. వరుసలో ముందున్న బిక్షమ్మను పట్టుకుని గోడు వెళ్లబోసుకుంది.

“పాలు పోతేపోయె, మాట చూడు బిక్షమ్మా! మేం దూడ నోరు కొట్టినమట! కడుపుల ఉన్న పిల్లల నోరు కొట్టెటోళ్లను చూసిన గని, గిసుంటి మాట పడలే. నా ఇంట్ల ఎవల నోరన్న కొట్టిన్నా నేను?”

బిక్షమ్మ తన క్యాను ముందుకు జరిపింది. ఆమె చూపు పక్కనున్న హోటల్ మీద పడింది. నర్సింగమ్మ కూడా అటు తిరిగింది. బస్సు కోసం చూస్తూ సమీరా అక్కడి బల్ల మీద ఇటు వీపు పెట్టి కూర్చుంది.

“అన్నా, జర పాలెక్కువ పోసి చాయ్ ఇయ్యి.”