గోడ కూలిన చోట

"నాన్నా, ముట్టుకోకు! జిగురు ఇంకా ఆరలేదు."

టైలర్ చటుక్కున చేయి వెనక్కి లాక్కున్నాడు.

కుట్టుమిషన్ బల్ల మీద ఒక అట్టగొట్టం, పల్చటి చెక్కరెక్కలు, కోసుగా ఉన్న ప్లాస్టిక్ ముక్కు. అన్నీ కలిస్తే రాకెట్. అతికించే అధికారం కూతురిది. పట్టుకుని నిలబడే ఉద్యోగం నాన్నది.

"ఇది ఎగురుతుందంటావా?"

"నువ్వు కుట్టిన చొక్కాలు జనం వేసుకోవట్లేదా? ఇదీ ఎగురుతుంది."

ఆదివారం మైదానానికి వెళ్లారు. పిల్లలంతా రాకెట్లు పట్టుకుని అప్పటికే చేరారు.

మైదానం చివర ప్రహరీగోడ ఒకచోట కూలి ఉంది. అవతల రోడ్డు. ఆ సందులో, రాయి మీద, మాసిన గడ్డంతో ఒక మనిషి కూర్చున్నాడు. వారం వారం వస్తాడట. పిల్లలు అతన్ని గోల్‌కీపర్ అంటారు.

రాకెట్ లేచినప్పుడల్లా అందరి తలలూ పైకి లేస్తాయి. అతని చూపు మాత్రం పిల్లల మీదే.

టైలర్‌కి ఆ చూపు నచ్చలేదు.

కూతురి వంతు వచ్చింది. బటన్ నొక్కింది. రాకెట్ బుస్సుమంటూ లేచి చుక్కంతయింది. పైన పారాచూట్ విచ్చుకుంది. గాలి దాన్ని గోడవైపు తోసింది. కూతురు తల పైకెత్తి దాని వెంట పరుగు తీసింది.

ఆ మనిషి లేచి, ఆ పిల్ల జబ్బ పట్టుకుని ఆపాడు.

రాకెట్ గోడకు ఇవతలే దబ్బున పడింది. పారాచూట్ చిరిగింది.

టైలర్ రొప్పుతూ వచ్చాడు.

"చేయి తియ్! ఆడపిల్ల మీద చేయి వేస్తావా?"

"కింద చూసి పరిగెత్తమని చెప్పండయ్యా."

"నా బిడ్డకు నువ్వు నడక నేర్పుతావా? నీకిక్కడ ఏం పని?"



మైదానం వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. "మంచివాడేనయ్యా, నాకు తెలుసు..."

"నీకూ ఆడపిల్ల ఉంటే తెలిసేది! పంపిస్తావా, నలుగురినీ పిలవనా?"

అవసరం రాలేదు. ఆ మనిషి ప్యాంటు దులుపుకుని తలవంచుకు వెళ్లిపోయాడు.

ఎందుకు కూర్చుంటావయ్యా ఇక్కడ, అని నిదానంగా ఒక్క మాట అడగొచ్చు. అడగలేదు. మనం అడగం. గెంటేస్తాం.

ఇంటికొచ్చాక టైలర్ చిరిగిన పారాచూట్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేం గుడ్డే, ఉల్లిపొరలా ఉంది. నేను కుడతా చూడు."

కోట్ల లోపల వేసే లైనింగ్ గుడ్డ తీశాడు. పాతదానికి రెట్టింపు కత్తిరించాడు. అంచు మడిచి సన్నగా కుట్టాడు.

"ఇంత పెద్దదెందుకు నాన్నా?"

"పెద్దదైతే మెల్లగా దిగుతుంది. నీ రాకెట్‌కి దెబ్బ తగలదు."

"గొట్టంలో పట్టాలి కదా?"

"పెళ్లికూతురి గౌన్లు మడిచిన చేతులే ఇవి. నువ్వు పక్కకి జరుగు."

పట్టింది. కూతురు నాన్న మెడకు వేలాడింది.

మళ్లీ ఆదివారం. రాయి ఖాళీగా ఉంది. టైలర్ తృప్తిగా తలాడించాడు.

రాకెట్ లేచింది. లైనింగ్ గుడ్డ పువ్వులా విచ్చుకుంది. దిగదే! గాలిలో తేలుతూ, ఊగుతూ, పోతూనే ఉంది.

"చూశావా! ఎంత నెమ్మదిగా దిగుతోందో!" టైలర్ మెడ పైకెత్తి చప్పట్లు కొట్టాడు. తన కుట్టు ఆకాశంలో ఎగురుతోంటే ఎవడికి ముచ్చటగా ఉండదు?

కీచుమని బ్రేకు చప్పుడు.

అప్పుడు దించాడు తల.

కూతురు రోడ్డు నడిమధ్యలో ఉంది. పాలవ్యాన్ ముందుభాగం ఆమె భుజానికి జానెడు దూరంలో ఆగి వణుకుతోంది.

ఆ పిల్ల ఇంకా పైకే చూస్తోంది.

ఇల్లు చేరేదాకా టైలర్ కూతురిని చంక దించలేదు. ఎత్తుకునే వయసు ఎప్పుడో దాటిపోయింది. అయినా దించలేదు.

"నాన్నా, రాకెట్ పోయింది."

"పోనీవే, తల్లీ. పోనీ."

తర్వాతి ఆదివారం ఒక్కడే వెళ్లాడు. ఆ రాయి మీద కూర్చున్నాడు. నెత్తి మీద రాకెట్లు బుస్సుమంటున్నా పైకి చూడలేదు. ఒక పిల్లాడు ఆకాశం చూస్తూ దూసుకొచ్చాడు. టైలర్ లేచి రెండు చేతులూ చాచాడు.

"అబ్బా, అడ్డం లేవండి అంకుల్!"

"లేవను. కింద చూడు ముందు."

వాచ్‌మన్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అతను ఎక్కడుంటాడు? కాళ్లు పట్టుకుంటాను," అన్నాడు టైలర్.

"గది ఖాళీ చేసి వెళ్లిపోయాడయ్యా. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు."

టైలర్ మళ్లీ రాయి మీద కూలబడ్డాడు.

"ఈ గోడ కట్టండి మహాప్రభో అని మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి అరిగిపోయాడు," అన్నాడు వాచ్‌మన్. "వాళ్లు 'జాగ్రత్త' అని ఒక బోర్డు పాతి చేతులు దులుపుకున్నారు. పైకి చూసి పరిగెత్తేవాళ్లకి బోర్డేం కనిపిస్తుంది? ఇక తనే వచ్చి కూర్చునేవాడు."

టైలర్ రోడ్డు వైపు చూశాడు.

"ఇక్కడ పోయింది... అతని బిడ్డా?"

"అతనికసలు పిల్లల్లేరయ్యా. గాలిపటం చూస్తూ ఈ సందులోంచి రోడ్డు మీదికి పరిగెత్తి లారీ కింద పడింది ఎవరి బిడ్డో. ఆ లారీ నడుపుతున్నది అతను."