పాత ఇంటి టేకు

“ఇది పాత ఇంటి కలపంటే ఎలా నమ్మమంటారు మునీర్ గారూ?”

తలుపు మీద వేలితో రాసి చూస్తూ అడిగింది శాంభవి.

భవానీపురంలోని మునీర్ కార్ఖానాలో గోడ పొడుగునా ఆనించి ఉన్న నగిషీ తలుపులన్నీ ఇంగ్లండు వెళ్ళాల్సినవి. కొనే కంపెనీ వాళ్ళకి ఒక పట్టింపు ఉంది. దొంగచాటుగా అడవిలో నరికిన కలపైతే పుల్ల కూడా ముట్టుకోరు. ఆ సంగతి తేల్చడానికే శాంభవిని హైదరాబాదు నుంచి పంపించారు. ఆమె ఊఁ అంటే తలుపులు ఓడెక్కుతాయి. కాదంటే ఇక్కడే పడి ఉంటాయి, వాటిని చెక్కినవాళ్ళు పని వెతుక్కుంటూ తలో దిక్కూ పోతారు, ‘దొంగ కలప మునీర్’ అన్న పేరొకటి అతనికి మిగులుతుంది.

నిజానికి అది దొంగ కలప కానే కాదు. కూచిపూడి దగ్గర పల్లెలో శేషగిరిరావు మాస్టారు పాత పెంకుటిల్లు పడగొట్టి డాబా కట్టుకున్నప్పుడు, ఆ టేకు దూలాలూ వాసాలూ మునీరే దగ్గరుండి విప్పించి తెచ్చుకున్నాడు. కాకపోతే తెలివి ఎక్కువైంది. తనిఖీకి వచ్చేవాళ్ళకి ఎక్కడా వంక దొరకకూడదని మేకుల బెజ్జాలన్నీ పూడ్పించాడు. పొగచూరిన పైపొరంతా పోయేదాకా చిత్రిక పట్టించాడు. పాతదనడానికి ఉన్న ఆనవాళ్ళన్నీ చేజేతులా చెరిపేసుకుని, ఇప్పుడు ఒట్లు పెట్టుకుంటున్నాడు.

పర్మిట్ చూపించమంది శాంభవి. తాతలనాడు కట్టిన ఇంటి దూలానికి పర్మిట్ ఎక్కడ ఉంటుందని అతను గొణిగాడు. ఆమె చేతిలో ఫైలు మూసింది.

“సరేనండీ. అమ్మినాయన అవునంటే చాలు, రాసేస్తాను. ఇప్పుడే వెళ్దాం. కానీ ముందుగా కబురు పెట్టకూడదు. నేను మాట్లాడుతున్నంతసేపూ మీరు జీపు దిగకూడదు.”

మునీర్‌కి పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. మాస్టారు తనకి పరాయివారా? ఇల్లు విప్పుతున్నన్నాళ్ళూ పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టించారు. ‘మా మునీరు’ అని ఊళ్ళో అందరికీ చెప్పుకున్నారు. అంత మంచి సాక్షి మరొకడు దొరకడు.

అయినా జీపు కదిలిన దగ్గర్నుంచీ అతనికి కుదురు లేదు. ముందు సీట్లో ఖాకీ చొక్కా డ్రైవరు, పక్కన ఫైలు పట్టుకుని శాంభవి. వెనక ఒక్కడూ అతను. ఉయ్యూరులో టీ తాగడానికి ఆగినప్పుడు అతని కళ్ళు ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ మీదికి పోయాయి. ఎవరికి ఫోనని ఆమె అడిగింది. ఇంటికండీ, మా ఆవిడకి అన్నాడు. అని, చెయ్యకుండానే వచ్చి కూర్చున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది తన వాలకం అని తనకే సిగ్గేసింది.

పల్లె మొదట్లో ఒకాయన్ని శేషగిరిరావు గారి ఇల్లెక్కడని శాంభవి అడిగింది. ఆయన జీపు వంకా డ్రైవరు వంకా చూసి, ఆ పేరు గలవాళ్ళు ఈ ఊళ్ళోనే లేరన్నాడు. మునీర్ వెనక నుంచి అందుకుని, జీపులో వచ్చి అడిగితే ఇక్కడివాళ్ళు సొంత బావమరిది ఇల్లు కూడా చెప్పరండీ అని, దారి తనే చూపించాడు. శాంభవి నవ్వింది. అతనికి మాత్రం నవ్వు రాలేదు.

మాస్టారు డాబా వరండాలో పేపరు చదువుకుంటున్నారు. శాంభవి గేటు తీసుకుని లోపలికి వెళ్ళింది. డ్రైవరు దిగి, జీపు వెనక్కి వచ్చి నిలబడి బీడీ వెలిగించాడు. మాస్టారు పేపరు దించి ముందు ఆమె చేతిలో ఫైలు చూశారు, తరవాత జీపు చూశారు, జీపులో మునీర్‌ని చూశారు. నమస్కారం పెడదామని అతని చెయ్యి సగం దాకా లేచింది. సైగ చేశాడని శాంభవి అనుకుంటుందేమోనని భయం వేసి గబుక్కున దించేసి, తల వంచుకుని కూర్చున్నాడు.

మాటలేవీ వినబడలేదు. ఓరకంట చూస్తే మాస్టారు చెయ్యి ఊపుతూ, గుండె మీద కొట్టుకుంటూ గట్టిగానే చెబుతున్నారు. మాస్టారి భార్య రమాసుందరమ్మ గారు కూడా వచ్చి పక్కన నిలబడి తల ఊపారు. చదువుకున్న మనిషి సాక్ష్యం అంటే ఇలా ఉండాలి అనుకున్నాడు మునీర్. శాంభవి వంచిన తల ఎత్తకుండా రాసుకుంది. మాస్టారు సంతకం కూడా పెట్టారు. అది చూశాక అతని గుండె కాస్త నెమ్మదించింది.

కానీ శాంభవి వాళ్ళిచ్చిన మజ్జిగ ముట్టకుండానే వచ్చేసింది. జీపెక్కి ఫైలు ఒళ్ళో పెట్టుకుంది.

“ఏమన్నారండీ మాస్టారు?” ఉండబట్టలేక అడిగాడు.

“ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్నానండీ. ఇక నేను చెయ్యగలిగింది లేదు,” అంది వెనక్కి తిరక్కుండా.

డ్రైవరు బీడీ పారేసి ముందుకు వెళ్ళాడు. ఆ సందు చూసుకుని మాస్టారు చెప్పులైనా వేసుకోకుండా పరుగులాంటి నడకతో జీపు వెనక్కి వచ్చారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. మునీర్ రెండు చేతులూ పట్టుకుని, చెవి దగ్గరికి వంగి రహస్యంగా అన్నారు:

“భయపడకు మునీరూ, నిన్నిక వదిలేస్తారులే. మా ఇంట్లో టేకన్నదే లేదనీ, నువ్వెవరో కూడా మాకు తెలీదనీ రాసి సంతకం పెట్టేశాను.”