పది నిమిషాల పట్టు

నాగపంచమికి నాలుగు రోజులే ఉన్నాయి. ఎనిమిదేళ్ల కింద వదిలేసిన బస్కీలు ఉస్తాద్ గుండయ్య మళ్లీ తీస్తున్నాడు. అరవై బస్కీలు దాటేసరికి ఆయాసంతో ఆగాడు. గడియారం చూశాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

పంచమినాడు కొత్త కుర్రాడి తొలి కుస్తీ ఉస్తాద్‌తోనే పట్టించడం గుండయ్య కుస్తీలు నేర్పే తాలీం రివాజు. ఈసారి బరిలోకి దిగేది గుండయ్య కొడుకే.

"కన్నకొడుకు మీద గెలవనీకి ఇంత తండ్లాటనా?" అంది భార్య సక్కుబాయి, నూనె గిన్నె తెచ్చి. "ఒక్కసారి ఓడితే ఏం పోతది?"

"పది నిమిషాలన్న నిలబడాలె."

"నిలబడి?"

గుండయ్య చెమట తుడుచుకున్నాడు.

"ఓడనీకే ఈ బస్కీలు. రెండో నిమిషంల పడ్డననుకో, తండ్రి కావాలని పడ్డడంటది ధూల్‌పేట్ బస్తీ అంత. పది నిమిషాలు గట్టిగ పట్టి పడితే, అప్పుడు గెలుపు వానిదైతది."