ముందే తీరిన ఇంటి అప్పు

అన్నయ్యా, ఇంటి అప్పు గడువుకి ముందే తీర్చింది నేనైతే, తీర్చింది నువ్వేనని అమ్మకి చెప్పుకున్నావు.

కిస్తీ మీద నెలనెలా అదనంగా పడిందంతా మిల్లులో నేను చేసిన ఓవర్‌టైం. అప్పు నీ పేరు మీద ఉంది కాబట్టి బ్యాంకు మెసేజీ నీ ఫోన్‌కి వచ్చేది. నువ్వేమో అక్కణ్నుంచి అమ్మకి ఫోన్ చేసి, అది చదివి వినిపించి, శభాష్ అనిపించుకున్నావు.

నిన్న అప్పు మొత్తం తీరిందని వినగానే అమ్మ నా మొహం మీదే అంది: "వాడు బంగారం! నీ జీతం నీ షోకులకే చాలదు కదే!"

ఒళ్లు మండిపోయింది. అయినా నిజం చెప్పలేదు.

"అన్నయ్య మామూలోడా అమ్మా! కొత్త అప్పు తీసుకుని నీకు పైన ఇంకో అంతస్తు వేయిస్తాడట. అదీ ముందే తీర్చేస్తాడట," అన్నాను.

ఇప్పుడు డాబా మీద మేస్త్రీ టేపు పట్టుకుని తిరుగుతున్నాడు. అమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసేసింది.

కవరు కొనకుండా ఈ పోస్టుకార్డు రాసింది మీ ఆఫీసులో అందరూ చదవాలనే.

వచ్చే శుక్రవారం సాయంత్రంలోగా అమ్మకి నిజం చెప్పి, చెప్పానని నాకు జవాబు రాయి. లేదంటే శనివారం పొద్దున్నే వచ్చి కొత్త అప్పుకి సంతకం పెట్టు.