చెయ్యి తిరిగిన వంట

మంచు మీద జారిపడి హరుయో కుడి మణికట్టు విరిగింది. పెళ్లయ్యాక మొదటిసారి ఆమె భర్త కత్సురో స్టవ్ వెలిగించాడు.

"మీరా, వంటా! బయట నుంచి ఏదైనా తెప్పిద్దాం లెండి," అని నవ్వింది హరుయో.

"నువ్వు కూర్చో. ఎంతసేపు, ఇప్పుడే అయిపోతుంది."

ఉల్లిపాయ చకచకా తరిగాడు. బీఫ్ ఖీమాని ఉండలు కట్టకుండా చిదుపుతూ వేయించాడు. సోయా సాస్, చక్కెర చేతి అంచనాతోనే పోశాడు.

"అమ్మో! ఎక్కడ నేర్చుకున్నారండీ?"

"ఏదో టీవీలో చూశాలే."

అల్లం తురుము వేయబోతూ, కాస్త ఖీమా చిన్న గిన్నెలోకి తీసి పక్కన పెట్టాడు.

"అదెవరికి?"

"మిచికకి అల్లం ఘాటు పడదు," అన్నాడు పరధ్యానంగా.

గరిటె ఆగింది.

వాళ్లకి పిల్లల్లేరు. మనిద్దరం చాలని నచ్చజెప్పి, హరుయో చేత ఆస్పత్రులు మాన్పించింది కత్సురోనే.

"ఎంత పిల్ల?" అని అడిగింది హరుయో.

"ఈ ఏప్రిల్‌లో బడిలో వెయ్యాలి."

వేడి అన్నం మీద ఖీమా పరిచి, గిన్నె ఆమె ముందు పెట్టాడు. ఆమె ఎడమ చేతిలో చెంచా ఒరిగి, మెతుకులు ఒళ్లో పడ్డాయి. కత్సురో చెంచా అందుకున్నాడు. ఉఫ్ ఉఫ్ అని ఊది, అలవాటైన గొంతుతో ముద్దుగా అన్నాడు.

"ఏదీ, ఆ... అను."

పొద్దుటినుంచి ఏమీ తినలేదు. హరుయో నోరు తెరిచింది.